ముప్పై రెండు ఒళ్ళు, ఒకటే ముద్ర

రాయి తగిలిందని తీలీలా చెప్పింది అబద్ధమని బోర్డు తిరగేయగానే బిహికి తెలిసిపోయింది.

ఇరవై ఆరేళ్ళుగా అతనికి కూడు పెడుతున్న విద్య అదే. అగాదిర్ దగ్గరి ఈ సముద్రపు ఊరు అఫ్తాస్‌లో ఏ సర్ఫింగ్ బోర్డు విరిగినా, చితికినా చివరికి అతని షెడ్డుకే రావాలి. రాయి తగిలిన బోర్డు మీద గీతలుంటాయి. ఆ గీతల్లో నల్లటి గరుకు, ఒక్కోసారి ఆల్చిప్ప పెంకు ఇరుక్కుని ఉంటుంది. ఇంకో బోర్డు తగిలితే కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇక్కడ మాత్రం బోర్డు ముక్కుకి జానెడు కింద అరచెయ్యి పట్టేంత గుంట. గిన్నె అడుగు పెట్టి నొక్కినట్టు నున్నగా ఉంది. దాని చుట్టూ గాజుపొర సాలెగూడులా పగిలింది. ఒక్క గీత లేదు. ఆ పగుళ్ళలో పొడుగాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.

"ఏ రాయి?" అన్నాడు.

"అదే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము దగ్గర రాయి. శనివారం పోటీకి కావాలి ఖాలీ. శుక్రవారానికల్లా ఇచ్చెయ్."

తీలీలా అతని చెల్లెలు ఇజ్జా కూతురు. ఇరవై ఏళ్ళది. మాటలొచ్చిన దగ్గర్నుంచి ఆ మేనమామని ఖాలీ అనే పిలుస్తుంది. అల మీద నిలబడటం నేర్పింది కూడా అతనే.

బిహి ఆ వెంట్రుకని రెండు వేళ్ళతో లాగి పైకెత్తి పట్టుకున్నాడు. "కొమ్ము దగ్గర రాళ్ళకి జుట్టు మొలిచిందేంటి?"

"బోర్డు మీద జుట్టు ఉండదా? నా బోర్డే కదా."

"అద్దాలు తియ్యి."

"ఎందుకు?"

"బయట మంచు పట్టింది, సూర్యుడు లేడు. నల్లద్దాలు ఎవరి కోసం పెట్టావ్?"

"అందం కోసం. నీకేం తెలుసు, ముసలోడివి." నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. షెడ్డులో బోర్డులతికే రెజిన్ జిగురు వాసన ఎప్పుడూ ఉండేదే. చిన్నప్పుడు ఆ డబ్బాల దగ్గర ముక్కు పెట్టి పీల్చి తన్నులు తిన్న పిల్ల, ఇప్పుడు నోరు మూసుకుని బయటికి పరిగెత్తింది. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"పొద్దున సార్డీన్ చేపలు తిన్నా. పాడైనట్టున్నాయి," అంది మూతి తుడుచుకుంటూ. "ఖాలీ, శనివారానికి కావాలి బోర్డు. శుక్రవారం ఇచ్చెయ్."

"ఆ మాట ఇప్పుడే చెప్పావ్."

"చెప్పానా?"

బిహి చేతిలోని ఎమిరీ పేపరు బల్ల మీద పడేశాడు. "ఎప్పుడు తగిలింది తలకి?"

ఆమె సముద్రం వైపు చూసింది. "గురువారం."

"తెలివి తప్పిందా?"

"తప్పలేదు. కొంచెం చీకటయిందంతే."

"ఎంతసేపు?"

"నాకేం తెలుసు? నీళ్ళలో గడియారం చూసుకుంటూ కూర్చున్నానా?"

"ఒడ్డుకెలా వచ్చావ్?"

"వచ్చాను కదా. నీ ముందు నిలబడ్డాను కదా."

"ఎలా వచ్చావే?"

"గుర్తు లేదు," అంది చాలా చిన్నగా. వెంటనే గొంతు పెంచింది. "వచ్చి ఏడుస్తూ కూర్చోలేదులే. మళ్ళీ దిగాను. నువ్వే కదా నేర్పావ్, ఒంటి మీద ఉప్పు ఆరకముందే మళ్ళీ దిగాలని."

అఫ్తాస్‌లో ఎవడు పడినా చేసేది అదే. దెబ్బ తగిలి ఒడ్డుకొచ్చినవాడు ఒంటి మీద ఉప్పు ఆరేలోపు మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాలి. లేకపోతే భయం ఒంట్లో కాపురం పెడుతుందట. చేపల పడవలవాళ్ళ నుంచి ఆ పద్ధతి సర్ఫింగ్ కుర్రాళ్ళకి వచ్చింది. తీలీలాకి ఏడేళ్ళప్పుడు మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, వీపు మీద చెయ్యేసి నీళ్ళలోకి తోసింది ఇదే చెయ్యి.

"అది మోకాలికి చెప్పిన మాటే పిచ్చిదానా!"

"తలకి వేరే మాట ఉందని చెప్పలేదుగా." అద్దాలు సర్దుకుంది. "నువ్వు భుజం ఎముక విరిగినా తలపాగాతో చెయ్యి కట్టుకుని ఫైనల్ గెలవలేదూ? కేఫేలో ఫోటో పెట్టారు. ఊరంతా నిన్ను పొగడొచ్చు, నేను మాత్రం తలనొప్పి వచ్చిందని ఇంట్లో పడుకోవాలా?"

ఆ ఫోటో అంటే బిహికి ఒళ్ళు మండుతుంది. చెయ్యి కట్టుకుని పళ్ళికిలిస్తున్న పాతికేళ్ళ వెధవ. ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదని కింద ఎవడూ రాయలేదు. చన్నీళ్ళలో నానీ నానీ ఎడమ చెవిలో ఎముక పెరిగి మూసుకుపోయిందనీ రాయలేదు. ఊళ్ళో నలభై దాటిన వాళ్ళలో సగం మంది పిలిస్తే తల పక్కకి తిప్పి వింటారు. మిగతా సగం కుర్రతనంలో గులకరాళ్ళ మైదానంలో ఫుట్‌బాల్ ఆడి మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, మెట్లు వెనక్కి తిరిగి దిగుతారు. వీళ్ళందరూ సాయంత్రం కేఫేలో చేరి తమ దెబ్బల గురించి పెళ్ళి కబుర్లు చెప్పుకున్నంత సంబరంగా చెప్పుకుంటారు.

"మొదటి నలుగురిని దేశం జట్టులోకి తీసుకుంటారు ఖాలీ," అంది తీలీలా. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "మూడేళ్ళ నుంచి దీని కోసమే చస్తున్నాను. నా బోర్డు మీద వాళ్ళ పేరు వేసుకుంటే జీతం ఇస్తామని ఒక కంపెనీవాళ్ళు కూడా అడిగారు. ఇది పోతే ఏముంది నాకు? అమ్మలాగా నడుం వంచి రాళ్ళ మీద ఆల్చిప్పలు పీక్కుంటూ బతకాలి. అమ్మకి చెప్పావో, ఇంక నీ మొహం చూడను."

*

రద్వాన్ కేఫే ముందు జెండాలు కడుతున్నారు. సర్ఫింగ్ క్లబ్బుకి అధ్యక్షుడు రద్వానే, అలకి ఎదురుగా ఉన్న రెండు అతిథి గృహాలూ అతనివే. ఒకప్పుడు ఇదే ఇసుకలో సార్డీన్ రొట్టెలు అమ్మినవాడు. ఇప్పుడు అందరూ గౌరవంగా ముందు 'సి' చేర్చి సి రద్వాన్ అనాలి, అనకపోతే వినపడదు.

"సి రద్వాన్, తీలీలా పేరు తీసెయ్యాలి," అన్నాడు బిహి.

"ఏం? అలిగిందా?"

"తలకి దెబ్బ తగిలింది."

"పొద్దున చూశాను. తల ఉన్నచోటే ఉంది."

టీ తాగుతున్న వాళ్ళు నవ్వారు.

"లోపల తగిలింది. వాంతులు చేసుకుంటోంది. చెప్పిందే మళ్ళీ చెబుతోంది."

"ఆడవాళ్ళు చెప్పిందే చెప్పడం కూడా జబ్బేనా? అయితే మా ఇంట్లో నలుగురున్నారు, మందిప్పించు." మళ్ళీ నవ్వులు. రద్వాన్ మాత్రం నవ్వలేదు. బల్ల సొరుగు లాగి ఒక ఫైలు తీశాడు. కాగితాలు తిప్పి ఒకటి బయటికి లాగాడు. "నీకు చదవడం కొంచెం కష్టం కదా, నేనే చదువుతాను. 'ఈ క్రీడాకారిణిని నేను స్వయంగా పరీక్షించాను. పోటీలలో పాల్గొనడానికి ఏ అడ్డంకీ లేదు.' ముద్ర ఉంది, సంతకం ఉంది. దీన్ని పట్నం నుంచి తెచ్చిందెవరు బిహీ?"

బిహి కాగితం మీది ముద్ర వైపు చూశాడు.

"చెప్పవయ్యా, అందరూ వింటున్నారు. ఎవరు తెచ్చారు?"

"నేనే."

"మరి? బోర్డులతికేవాడివి డాక్టరు మీద డాక్టరువి ఎప్పుడయ్యావ్?"

తెచ్చింది అతనే. ప్రతి ఏడూ తెచ్చేది అతనే. రెజిన్ కొనడానికి నెలకోసారి మోపెడ్ మీద పట్నం వెళ్తాడు కాబట్టి క్లబ్బు కాగితాలు కూడా అతని సంచీలోనే వేస్తారు. ఈసారి ముప్పై రెండు. వాటితో పాటు డాక్టర్ తాజీకి ఒక బస్తా ఆల్చిప్పలు, రెండు ఆక్టోపస్‌లు. ఊరి ఫుట్‌బాల్ జట్టు కాగితాల కాలం నుంచి అలాగే నడుస్తోంది. మనుషులు వెళ్ళరు, కాగితాలే వెళ్తాయి. డాక్టరు ఆ రోజు ఫోనులో ఎవరితోనో కొత్త వంటింటి పలకల రంగు గురించి మాట్లాడుతూ ముద్ర కొట్టాడు. ముద్ర సరైనచోట పడేలా పేజీలు తిప్పింది బిహి. వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే తిప్పాడు. పని తొందరగా తెమిలిందని సంతోషించాడు కూడా.

నాలుగేళ్ళ కింద అద్దీ అనే ఊరి కుర్రాడి కాగితం కూడా అలాగే తిప్పాడు. రంజాన్ ఫుట్‌బాల్ పోటీల్లో, ఉపవాసం విడవడానికి ఇంకో గంట ఉందనగా, మైదానం మధ్యలో అద్దీ కూలిపోయాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. ఇరవై మూడేళ్ళవాడు. గుండెలో పుట్టుకతోనే ఏదో లోపం ఉందని తర్వాత చెప్పారు. ఉపవాసంలో పోయాడు, ధన్యుడు అని ఊరంతా అంది. బిహి కూడా అన్నాడు. అనడం తేలిక కదా.

"శనివారం మంత్రిగారి మనిషి వస్తున్నాడు," అన్నాడు రద్వాన్ ఫైలు మూస్తూ. "మనూళ్ళో గెలిచే పిల్ల అదొక్కతే. అది దిగుతుంది. నీకంత భయంగా ఉంటే శనివారం ఇంట్లో కూర్చో."

*

మర్నాడు బిహి మోపెడ్ వేసుకుని పట్నం వెళ్ళాడు. చేతిలో బస్తా లేకపోయేసరికి డాక్టరు గది బయట రెండు గంటలు కూర్చోబెట్టారు.

డాక్టర్ తాజీ అంతా విన్నాడు. విని తల ఊపాడు. "కంకషన్. మెదడు కదిలింది. మొదటి దెబ్బ మానకముందు రెండోది పడితే ప్రమాదం. మెదడు ఒక్కసారిగా వాచిపోతుంది. కుర్ర వయసులో మరీ. కొన్ని నిమిషాల్లో అయిపోవచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే."

రేపు గాలి ఎక్కువగా ఉండొచ్చు అన్నట్టు చెప్పాడు. బిహికి అరికాళ్ళ నుంచి మంట లేచింది. ఇంత తెలిసినవాడు! తెలియని వాడైతే క్షమించవచ్చు.

"అయితే ఆ కాగితం చెల్లదని రాసివ్వండి."

"అమ్మాయిని తీసుకురా. చూసి రాస్తాను."

"రాదు. కాళ్ళు పట్టుకున్నా రాదు."

"చూడకుండా ఎలా రాయను?"

బిహి నవ్వాడు. తనకే అసహ్యం వేసే నవ్వు. "బాగుందని చూడకుండా రాశారుగా డాక్టరుగారూ. బాగాలేదని చూడకుండా రాయడానికి చెయ్యి రావట్లేదా?"

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు. ఒకటి తప్పంటే మిగతా ముప్పై ఒకటి ఏమని అడుగుతారు. అడిగితే పేజీలు తిప్పిన చెయ్యి ఎవరిదని కూడా అడుగుతారు. నాకు వృత్తి ఉంది, నీకు ఊరుంది. ఎందుకు చెప్పు మనకిది? పిల్లకి నాలుగు మాటలు చెప్పి ఇంట్లో పడుకోబెట్టు."

*

నాలుగు మాటలు కాదు, నాలుగొందలు చెప్పాడు. బోర్డు బాగుచేయనన్నాడు. తీలీలా పట్టించుకోలేదు, అత్యవసరానికి క్లబ్బులో ఉంచే బోర్డు తెచ్చుకుంది. ఇక శుక్రవారం, నీళ్ళు వెనక్కి తీసిన వేళ, రాళ్ళ మీదున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు.

ఇజ్జా ఇనప చువ్వతో ఆల్చిప్పలు పీకుతోంది. తల ఎత్తకుండానే అంది, "తీలీలా తల గురించేనా?"

"నీకు తెలుసా?"

"తల్లిని కాదూ? వారం నుంచి దీపం వేస్తే కళ్ళు మూసుకుంటోంది. పిండిలో ఉప్పు రెండుసార్లు వేసింది. గోల చేశాను, ఏడ్చాను, తలుపుకి గడియ పెట్టాను. 'డాక్టరు బాగుందని రాశాడమ్మా, నువ్వు డాక్టరువా' అంటుంది. ఆ కాగితం ముందు నా మాట ఎంత?" చువ్వ ఆపి అన్న మొహంలోకి చూసింది. "ఏ డాక్టరు చూశాడు బిహీ దాన్ని? ఎప్పుడు చూశాడు?"

బిహి అంతా చెప్పాడు. బస్తా, ఆక్టోపస్‌లు, వంటింటి పలకలు, తడి వేలు.

ఇజ్జా చువ్వని తట్టలో పడేసింది. ఆ బస్తాలో ఆల్చిప్పలు ఆమె ఏరినవే. క్లబ్బువాళ్ళు అతిథులకని అడిగితే రెండు ఆటుపోట్ల పాటు నడుం విరిగేలా ఏరి ఇచ్చింది.

"నా చేత్తో నా కూతురికి..." అని ఆగిపోయింది. తర్వాత తట్ట ఎత్తుకుంది. "నాకెందుకు చెబుతున్నావ్ ఇదంతా? నేనేం చెయ్యను విని? ఈ నోరు తెరవాల్సిన చోట తెరువు."

"ఊరు నన్ను బతకనివ్వదు ఇజ్జా."

"అయితే చావు," అంది ఆమె. "ముందు నువ్వు చావు, నా పిల్ల కాదు."

*

శనివారం పొద్దున్నే ఒడ్డున గుంపు చేరింది. అల పెద్దగా లేచి కొమ్ము దగ్గర విరుగుతోంది. నాలుగూళ్ళ పోటీదార్లు రంగు చొక్కాలు తొడుక్కుని నిలబడ్డారు. వాళ్ళ వెనక పెద్ద గుడ్డ కట్టి, దాని మీద ఆ రోజు తేదీ, వారం మూరెడు అక్షరాలతో రాశారు. అద్దీ తల్లి తూదా, ఊరంతా గౌరవంగా లల్లా అని పిలిచే మనిషి, మరో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని అతిథుల కోసం రొట్టెలు కాలుస్తోంది. కసాబ్లాంకా నుంచి వచ్చిన ప్రధాన జడ్జీ, పొట్టి జుట్టు ఉన్న నడివయసు ఆడమనిషి, పేర్లు చదవడం మొదలుపెట్టింది.

తీలీలా పేరు చదవగానే బిహి గుంపులోంచి ముందుకొచ్చాడు.

"ఆపండి. ఆ పిల్ల దిగకూడదు."

"మీరెవరు?"

"మేనమామని. తొమ్మిది రోజుల కింద తలకి దెబ్బ తగిలి తెలివి తప్పింది."

జడ్జీ ఫైలు చూసింది. "వైద్య పత్రం ఉందే."

"అది దొంగది. నేనే తెచ్చాను. మా క్లబ్బు కాగితాలు ముప్పై రెండూ దొంగవే. ఒక బస్తా ఆల్చిప్పలకి, రెండు ఆక్టోపస్‌లకి పావుగంటలో ముద్రలు కొట్టించుకొచ్చాను. ఏ డాక్టరూ ఎవరి గుండె మీదా చెయ్యి పెట్టి చూడలేదు."

అందరూ ఒక్కసారే అరిచారు.

"వీడికి పిచ్చెక్కింది!" రద్వాన్ గొంతు అన్నిటికన్నా పైన. "చెవిటి ముండాకొడుకు, రెజిన్ పొగ తలకెక్కింది. మేడం, వీడి మాట వినకండి."

"మూడేళ్ళు కష్టపడ్డామురా!" అని క్లబ్బు కుర్రాడొకడు మీదికొచ్చాడు. మరొకడు గుప్పెడు ఇసుక విసిరాడు. బిహి కళ్ళు తుడుచుకోలేదు.

"కొట్టండి! ఇంకా కొట్టండి! ఇంతకాలం మీ ఒళ్ళు ఎవడూ చూడకుండా మిమ్మల్ని నీళ్ళలోకి తోసినప్పుడు రాని రోషం ఇప్పుడొచ్చిందా? రేపు మీలో ఎవడైనా బిగుసుకుపోతే ఈ సి రద్వాన్ వచ్చి మోస్తాడా మిమ్మల్ని? మీ ఫోటో పెడతాడు కేఫేలో! దాని కింద కూర్చుని టీ అమ్ముకుంటాడు!"

ఆ గోలలోంచి లల్లా తూదా వచ్చింది. చేతులకి పిండి. అతనికి మూరెడు దూరంలో నిలబడింది. "మా అద్దీ కాగితం కూడా నువ్వే తెచ్చావా నాయనా?"

బిహి ఆమె పిండి చేతుల వైపు చూశాడు. "నేనే లల్లా."

"వాడి గుండె ఎవరూ చూడలేదా?"

"చూడలేదు."

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. ఇంకేదో అడగబోయి, మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వెళ్ళి రొట్టెల ముందు కూర్చుంది. పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు.

జడ్జీ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "ఈ క్లబ్బువాళ్ళని ఒక్కటే అడుగుతాను. మీలో ఆ డాక్టరు ఎవరిని స్వయంగా చూశాడు? చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఒక కుర్రాడి చెయ్యి నడుం దాకా లేచి దిగిపోయింది. రద్వాన్ వాళ్ళ వైపు పళ్ళు కొరుకుతున్నాడు.

అప్పుడు తీలీలా చెయ్యెత్తింది.

"నన్ను చూశాడు," అంది గట్టిగా. బిహి వైపు చూడలేదు. "మా మామకి నేనంటే పడదు. అందుకే ఇదంతా. తల నుంచి కాళ్ళ దాకా చూశాడు నన్ను."

"అలాగా," అంది జడ్జీ. దగ్గరికొచ్చి ఆమె ముందు నిలబడింది. "అద్దాలు తీస్తావా అమ్మా?"

తీసింది. వెలుగుకి కళ్ళు చికిలించింది.

"ఇవాళ ఏ వారం?"

తీలీలా వెంటనే జవాబు చెప్పింది. "గురువారం."

ఎవరూ నవ్వలేదు. ఆమె వెనకే మూరెడు అక్షరాల్లో శనివారం అని రాసి ఉంది. తప్పు చెప్పానని చుట్టూ ఉన్న మొహాలు చూసి తెలుసుకుంది గానీ, ఎక్కడ తప్పిందో తెలియక ఒకరి తర్వాత ఒకరి మొహం వెతుక్కుంది. చివరికి బిహి మొహం దగ్గర ఆగింది. చిన్నప్పుడు మాట రానప్పుడు అందించమని చూసినట్టే చూసింది. అతను చెప్పబోయేలోపే జడ్జీ ఆమె చొక్కా మీది నంబరు విప్పేసింది.

"ఈమెని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఈ క్లబ్బువాళ్ళు ఎవరూ ఇవాళ నీళ్ళలోకి దిగరు. నిజంగా పరీక్ష చేయించుకుని రేపు మధ్యాహ్నంలోపు కాగితాలు తెస్తే అప్పుడు చూస్తాను."

తీలీలా అరిచిన అరుపు కొమ్ము దాకా వినపడి ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుంటే తప్ప ఆగలేదు. బిహి దగ్గరికొస్తే కాళ్ళతో తన్నింది. ఇజ్జా ఆమెని టాక్సీలోకి ఎక్కించి, అన్న కూడా ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దు. నిన్ను చూస్తే ఇంకా రేగిపోతుంది."

*

మూడు గంటలకి అగాదిర్ ఆస్పత్రి నుంచి ఇజ్జా ఫోను చేసింది. బిహి షెడ్డు బయట రోడ్డు పక్కన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి ఎవరూ అతన్ని పలకరించలేదు. ఎదురింటివాడు కిటికీ కూడా మూసుకున్నాడు.

"స్కాన్ తీశారు. లోపల కొంచెం రక్తం చేరిందట. మందులు పెట్టారు, పడుకోబెట్టారు. ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు అంటున్నారు. ఇవాళ నీళ్ళలోకి వెళ్ళి ఉంటే..." ఇజ్జా ఆపేసింది. "ఇంక సర్ఫింగ్ సంగతి ఏడాది దాకా అడగొద్దన్నారు. తర్వాతైనా చెప్పలేమన్నారు."

"దానికి చెప్పారా?"

"చెప్పారు. గోడ వైపు తిరిగి పడుకుంది. నీ పేరు ఎత్తితే నర్సుని పిలుస్తానంటోంది."

"ఎత్తకు మరి."

"ఎత్తనులే. నువ్వు తిన్నావా?"

అతను జవాబు చెప్పేలోపు కేఫే వైపు నుంచి ఒక మోపెడ్ వచ్చింది. నడుపుతున్నది క్లబ్బు కుర్రాడే, పొద్దున నడుం దాకా చెయ్యెత్తి దించినవాడు. పేరు ఊబెల్లా. వాడి ఒళ్ళో ఆకుపచ్చ ఫైలుంది. వెనక సీటుకి తాళ్ళతో కట్టిన గోనె బస్తా నుంచి నీళ్ళు కారుతున్నాయి.

బిహి ఫోను జేబులో పెట్టుకుని రోడ్డు మధ్యకి వెళ్ళాడు. "ఎక్కడికి?"

"తిజ్నిత్‌కి," అన్నాడు ఊబెల్లా నేల చూస్తూ. "అక్కడ సి రద్వాన్‌కి తెలిసిన డాక్టరున్నాడట. రేపు మధ్యాహ్నంలోపు తేవాలన్నారు కదా."

"నిన్ను పరీక్ష చేయడానికా?"

వాడు ఫైలు మీద చెయ్యి పెట్టాడు.

"మిగతా వాళ్ళేరి? ముప్పై మందీ ఈ ఫైల్లో పడుకున్నారా?"

"పక్కకి తప్పుకో బాబాయ్. నన్నేం చెయ్యమంటావ్? నేను కాకపోతే ఇంకొకడు వెళ్తాడు."

బిహి రోడ్డు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తారు కాలుతోంది. "నా మీంచి పో. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాక, ఒక ముసలాణ్ణి తొక్కి వచ్చానని చెప్పు. అప్పుడైనా ఒకసారి తలెత్తి నీ మొహం చూస్తాడు."

ఊబెల్లా రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆ తర్వాత మోపెడ్‌ని పక్కకి తిప్పి, అతని చుట్టూ ఇసుకలోంచి తోసుకుంటూ వెళ్ళి, అవతల మళ్ళీ రోడ్డెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. దారి పొడుగునా బస్తా నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడి ఎండకి ఆరిపోతున్నాయి.

"ఏ గుండె చూపిస్తావురా వాడికి?" అని అరిచాడు బిహి. "ఎవరి గుండె?"

ఎవరూ వినలేదు. ఒడ్డున మిగతా ఊళ్ళవాళ్ళ పోటీ సాగుతోంది. మైకులో ఎవరివో మార్కులు చదువుతున్నారు. జడ్జీ ఇంకా అక్కడే ఉంటుంది. బిహి మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. లాగు దులుపుకోలేదు. తిట్టుకుంటూ, తనని తాను కూడా కలుపుకుని తిట్టుకుంటూ, ఒడ్డు వైపు నడిచాడు.